ఆగ్నేయ మూల అక్వేరియం

1998 చివర్లో మా రొయ్యపిల్లల హేచరీ యజమాని నన్ను మాదాపూర్‌కు డెప్యుటేషన్ మీద పంపారు. తెల్లమచ్చ వైరస్ పుణ్యమా అని చెరువులన్నీ ఎండి, పిల్లల్ని కొనే నాథుడు లేక, మేనేజరు హోదాలో నేను ఈగలు తోలుకుంటున్న రోజులవి. యజమాని బావమరిది ప్రసాద్ గారికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. విదేశీ క్లయింట్లను ఇంటికి భోజనానికి పిలిచేవారు. రంగు చేపలు అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి కాబట్టి ఆయనకు కటిల్ ఫిష్ కావలసి వచ్చింది.

పేరులో చేప ఉన్నా అది చేప కాదు, నత్తకు దూరపు చుట్టం. మూతి చుట్టూ చేతులు, కడుపులో సిరా తిత్తి, రెప్పపాటులో రంగు మార్చే చర్మం. చిలక పంజరంలో తగిలించే సముద్రపు నురుగు దీని వీపులో ఉండే బిళ్ళే. బతికేది ఏడాది, మహా అయితే ఇంకాస్త. గుడ్లు పెట్టాక తల్లి తిండి మానేసి పోతుంది. ఈ సంగతి చెబితే ప్రసాద్ గారు, "అంటే ఏటా రెన్యువల్ అన్నమాట," అన్నారు. భగవంతుడు కూడా లైసెన్సు పద్ధతినే పాటిస్తున్నందుకు ఆయనకు సంతోషం కలిగింది.

నా ఆశ వేరు. రొయ్యపిల్లల్ని పుట్టించడం నాకు మంచినీళ్ళు తాగినంత తేలిక. కటిల్ ఫిష్ పిల్ల గుడ్డు చీల్చుకుని బయటికి రావడం మాత్రం నా చేతుల మీదుగా జరిగితే ఒక్కసారి చూడాలని ఏళ్ళ తరబడి కోరిక. అందుకే ఎగిరి గంతేసి వెళ్ళాను.

ప్రసాద్ గారి హాల్లో ఆగ్నేయ మూల పెద్ద గాజు తొట్టి పెట్టించాను. సముద్రపు నీరు కాకినాడ నుంచి చేపల లారీలో డ్రముల్లో వచ్చేది. జంట కుదిరింది. ఆడది తెల్లటి గుడ్లు గుత్తిగా పెట్టి, ముందే చెప్పినట్టు పోయింది. వెనకే మగదీ పోయింది. కొన్నాళ్ళకు పొర పలచబడి, లోపలి పిల్లల కళ్ళు కనబడసాగాయి. ఇంట్లో పనిచేసే యాదమ్మది పాలమూరు వైపు. "సార్, గవి లోపల్కెల్లే మనల్ని చూస్తున్నయ్," అనేది. నిజమే, చూసేవి.

పుట్టిన పిల్ల చచ్చిన తిండి ముట్టదు. కదిలే సన్నరొయ్య కావాలి. దాన్ని తేవడానికి నేను తీరానికి బయల్దేరాను. వెళ్ళేముందు ప్రసాద్ గారికి ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాను. చేపలకు తెల్లపొక్కులొస్తే దుకాణాల్లో రాగి కలిసిన మందు ఇస్తారు, చేపకు మందైనది వీటికి విషం, పొరపాటున కూడా వెయ్యకండి అని. ఆయన శ్రద్ధగా తలూపారు.

నేను అటు వెళ్ళగానే ఇటు కంపెనీకి రావలసిన ప్రాజెక్టు ఆగిపోయింది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని లోకమంతా భయపడుతుంటే, ఆ భయాన్ని పోగొట్టే మేధావులు ప్రాజెక్టు ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి వాస్తు పండితుణ్ణి పిలిచారు. ఆయన ఇల్లంతా తిరిగి దోషం పట్టేశాడు. ఆగ్నేయం అగ్ని స్థానం, అక్కడ ఇన్ని నీళ్ళా? తొట్టి కదపడం కుదరదు కాబట్టి, నీటి అడుగున రాగి యంత్రం పెడితే సరిపోతుందన్నాడు.

నేను సన్నరొయ్యతో తిరిగొచ్చేసరికి గుడ్లు మసకబారి ఉన్నాయి. ఇసుకలో అరచేయంత రాగిరేకు మెరుస్తోంది. "మంచి ముహూర్తం జూసి ఏసిన్రు సార్. పసుపు కుంకుమ నేనే వెట్టిన. ఏమైంది, గిట్లైనయేంది?" అంది యాదమ్మ. గుత్తి తీసి కొత్త నీళ్ళలోకి మార్చి కూర్చున్నాను. ఒక్క కన్ను కూడా కదల్లేదు. నాకు ముందు కోపం వచ్చింది, తరవాత ఏడుపు వచ్చింది.

ప్రసాద్ గారు మాత్రం తడుముకోలేదు. "మీరు రాగి మందు వద్దన్నారు కదండీ. ఇది మందు కాదు, అచ్చమైన రాగి."

కొద్ది రోజులకే ప్రాజెక్టు వచ్చేసింది. దాంతో యంత్రం తొట్టిలోనే ఉండిపోయింది, నా డెప్యుటేషన్ ముగిసింది. క్లయింట్లకు నీళ్ళూ రాగిరేకూ చూపించి భోజనం పెట్టేవారట.

తరవాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఏ హేచరీలో పిల్లలు చస్తున్నాయని పిలిచినా ఉప్పు కొలిచే మీటరు వెంటనే బయటికి తీయలేదు. ముందు, "ఈ నీళ్ళలో మంచి జరగాలని ఏమైనా వేశారా అండీ?" అని అడిగేవాణ్ణి. తప్పు చేశామని ఎవరూ ఒప్పుకోరు గానీ, మంచి కోసం వేసినదాన్ని చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళి చూపిస్తారు.