పుట్టినరోజుకి రెటినాల్

ప్రేమగా కొనిచ్చిన ఒక చిన్న సీసా నా ప్రాణాలు తోడేసిన కథ ఇది. నవ్వండి, తప్పులేదు. కానీ ముందు లేచెళ్లి, మీ ఇంట్లో అద్దం ముందు ఏముందో చూసొచ్చి నవ్వండి.

హైటెక్ సిటీలో నా ఉద్యోగం టెస్టింగ్. ఎవడో రాసిన ప్రోగ్రాములో ఒక కామా తప్పిపోతే పట్టుకుని, వాడి శనాదివారాలు పాడుచేయడం నా వృత్తి. అలాంటి నేను మా ఆవిడ హారిక పుట్టినరోజుకి రెటినాల్ సీరం కొన్నప్పుడు మాత్రం పెద్దక్షరాలు తప్ప ఇంకేం చదవలేదు. 'ముడతలు మాయం' అని ఉంది. ఇంకేం కావాలి! రంగు కాగితం చుట్టించి ఇచ్చేశాను. సీసా రోజురోజుకీ తరిగిపోతుంటే తెగ మురిసిపోయాను.

కొన్ని నెలలకి, ఓ సాయంత్రం కొండాపూర్‌లో మా ఫ్లాట్ తలుపు తీస్తూనే హారిక చెప్పింది.

"నువ్వు నాన్నవి కాబోతున్నావు!"

ఎగిరి గంతేశాను. కళ్లనీళ్లు ఆగక, మొహం కడుక్కుందామని బాత్రూంలో దూరాను. ఎదురుగా సీసా, సగానికి పైగా ఖాళీ. దాని వెనక చీమల బారులా అక్షరాలు: గర్భవతులు వాడకూడదు.

మాది సీమ, భయమంటే ఏందో తెలీదని క్యాంటీన్లో కోతలు కోసేవాణ్ణి. ఆ క్షణంలో తెలిసిపోయింది.

పై అంతస్తులో యాదగిరన్న ఉంటాడు. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పని. ధైర్యం చెప్తాడని పరిగెత్తాను.

"అన్నా, రెటినాల్ మంచిదేనా?"

"మస్తు పనిచేస్తది తమ్మీ. మొటిమలు, మచ్చలు, ముడతలు తగ్గుతయి. ఎక్కువ రాస్తే మాత్రం మొహం మండుతది, పొట్టు లేస్తది. ఎండల తిరగొద్దు."

"కడుపుతో ఉన్నోళ్లు వాడితే?"

"అమ్మో! మా దగ్గర గా పౌడర్ డ్రమ్ము మూత తీయాలంటే మాస్కులు, గ్లౌజులు. కడుపుతోని ఉన్నోళ్లను గా రూం దిక్కే రానియ్యరు. ఎందుకు?"

"ఏం లేదన్నా, ఊరికే."

"మరి గట్ల ఉరుక్కుంట వచ్చినవేంది? జర నీళ్లు తాగు!"

ధైర్యం కోసం పోయి, ఉన్న కాస్తా అక్కడే పోగొట్టుకుని కిందికొచ్చాను.

హారికకి చెప్పలేదు. ఎట్లా చెప్పేది? బిడ్డకి నాన్న ఇచ్చిన మొదటి కానుక ఇదీ అనాలా? ఆమె పేర్ల గురించి మాట్లాడుతుంటే ఊ కొడుతూ కూర్చున్నాను. నిజంగా చచ్చేంత భయమేసింది, ఇందులో వేళాకోళం లేదు.

పొద్దున్నే ఆసుపత్రిలో మొదటి టోకెన్ మాదే. డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకునేలోపే సీసా బల్ల మీద పెట్టి చేతులు జోడించాను.

"మేడమ్, తప్పంతా నాది. నేనే కొనిచ్చాను. రోజూ రాసుకుంటోంది. బిడ్డకేమన్నా అయితే..."

"ముందు కూర్చోండి," అందావిడ. "ఈ జాతి మందు మాత్రలుగా మింగితే బిడ్డకి నిజంగా ప్రమాదమే. పైన రాసుకుంటే ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. అయినా కడుపుతో ఉన్నప్పుడు వద్దంటాం. తెలియక రాసుకున్నవాళ్లు ఆపేసి మాకు చెప్తే చాలు, గాభరా పడక్కర్లేదు. ఏమ్మా, రోజుకి ఎంత రాసుకునేదానివి?"

హారిక తలొంచుకుంది. "అసలు రాసుకోలేదు మేడమ్."

"మరి సీసా ఖాళీ అయిందే!" అని అరిచాను.

"రోజూ రెండు చుక్కలు సింకులో పోసేదాన్ని. పాపం ముచ్చటపడి కొన్నాడు, వాడలేదంటే చిన్నబుచ్చుకుంటాడని." అని, నా వైపు తిరిగి కళ్లెర్రజేసింది. "పెళ్లయ్యాక వచ్చిన తొలి పుట్టినరోజుకే పెళ్లానికి ముడతల మందు కొనిచ్చిన మగాణ్ణి నిన్నే చూశా! నీ నెత్తిన పోయకుండా సింకులో పోశా, సంతోషించు!"

సంతోషించాను. డాక్టరమ్మ పగలబడి నవ్వుతుంటే ఆవిడ ముందే భోరున ఏడ్చేశాను.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మా ఆవిడ మొహానికి ఏ మందూ కొనను. తప్పనిసరై కొన్నా, చిన్న అక్షరాలు ఒకసారి, పెద్దక్షరాలు పదిసార్లు చదువుతాను. బిడ్డకి ప్రమాదం చిన్న అక్షరాల్లో రాశారు గానీ, మొగుడికి ప్రమాదం పెద్దక్షరాల్లోనే ఉంది.