కొంగు చాటు చేతులు

మొన్న బ్రాడీపేటలో ఒకావిడ నా ఆటో ఎక్కింది. ఒళ్ళో జామకాయల సంచి. ఎక్కడికమ్మా అంటే "ముందు పోనీ బాబూ" అంది. కాస్త దూరం పోయాక, "కేసుల్లో ఇరుక్కున్న పిల్లల్ని పెడతారే, ఆ హోముకి బాబూ" అంది గొంతు తగ్గించి. నేను దారి అడగలేదు. ఆ దారి నాకు బాగా తెలుసు. మొదటిసారి వెళ్ళినప్పుడు గవర్నమెంటు వారి బండిలో, ఇద్దరు పోలీసుల మధ్య కూర్చుని దర్జాగా వెళ్ళాను మరి.

అప్పటికి నాకు పదహారేళ్ళు. మా ప్రత్తిపాడు వైపు చేలల్లో మోటార్ల రాగి తీగ పోతున్న రోజులవి. సెంటర్ దాకా దింపుతామంటే ఒక ఆటో ఎక్కాను. సీటు కింద తీగ ఉందని పోలీసులు ఆపి బయటికి తీసేదాకా నాకేం తెలుసు? అలా ఆటో ఎక్కి జైలుకెళ్ళినవాణ్ణి, ఇప్పుడు ఆటోనే నమ్ముకుని బతుకుతున్నాను. ఎస్సైగారు మా అమ్మని నా వయసెంతని అడిగారు. "పద్దెనిమిది నిండాయండీ" అంది అమ్మ, తడుముకోకుండా. చిన్నపిల్లాడంటే మేస్త్రీ సగం కూలే ఇస్తాడు కదా, రెండేళ్ళుగా పత్తి ఏరడానికి వెళ్ళిన ప్రతి చేలోనూ ఆవిడ చెప్పే మాట అదే. అలవాటుగా అక్కడా అదే నోటికొచ్చింది. దాంతో నన్ను పెద్దవాళ్ళ జైల్లో పెట్టారు.

అక్కడ నిజంగానే భయపడ్డాను. రాత్రిళ్ళు ఎవరైనా దగ్గినా ఉలిక్కిపడి లేచేవాణ్ణి. గట్టు తగాదాలో వచ్చిన ఒక ముసలాయన నన్ను మనవడా అని పిలిచి, గోడ పక్క చోటు నాకిచ్చి తను అడ్డంగా పడుకునేవాడు. ఆయన గురకకి సగం బ్యారక్ మేలుకునే ఉండేది, నాకు మాత్రం దానివల్లే నిద్ర పట్టేది. అమ్మ ములాఖత్‌కి వచ్చినా మధ్యలో ఇనప వల. అవతల పదిమంది ఒక్కసారే అరుస్తుంటే ఆవిడ పెదాలు కదలడమే కనిపించేది. ఆ వల లేకపోతే అమ్మ ఒక్కసారి నా మొహం తడుముతుంది కదా అని అదొక్కటే అనుకునేవాణ్ణి.

చివరికి జైలు చూడ్డానికొచ్చిన జడ్జిగారికి ఇంకా సరిగా మొలవని నా మీసం చూసి వయసు మీద అనుమానం వచ్చింది. ఆస్పత్రిలో ఎముకలకి ఎక్స్‌రే తీయించి, నేను పిల్లాణ్ణేనని తేల్చి హోముకి పంపారు. అక్కడ క్యారమ్స్ ఉంది, టీవీ ఉంది. పేర్లు మాత్రం లేవు. ఏరా పొన్నూరు, ఒరేయ్ సింగరాయకొండ అని ఊళ్ళతోనే పిలుచుకునేవాళ్ళం. అంతమంది మధ్య అంత ఒంటరితనం నేను మళ్ళీ ఎరగను. ముసలాయన గురక కూడా గుర్తొచ్చేది. క్రిస్మస్ వచ్చి వెళ్ళిందని ఒక కేకు ముక్క వల్ల తెలిసింది. ఆ గోడల మీంచి ఇంకేదీ లోపలికి వచ్చేది కాదు.

అమ్మ వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ఈసారి వల లేదు, ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. నేను కాస్త దగ్గరికి జరిగాను. ఆవిడ కాస్త అవతలికి జరిగింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, "తింటున్నావా?" అంది. ఊఁ అన్నాను. వెళ్ళేదాకా ఆ చేతులు బయటికి రాలేదు. దొంగ కొడుకుని ముట్టుకోవడం ఇష్టం లేదు కాబోలనుకున్నాను.

మళ్ళీ వచ్చినప్పుడూ చేతులు కొంగులోనే. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "నీక్కూడా నేను దొంగనేనా అమ్మా? అందుకేనా ముట్టుకోవు?"

అమ్మ నోరు తెరుచుకుని నా వంక చూసింది. "ఓరి నీ పిచ్చి మండా! మిరపకోతలు కదరా! ఎన్నిసార్లు మజ్జిగతో కడిగినా చేతులు మండిపోతానే ఉన్నాయి. ఈ చేతుల్తో నీ కళ్ళు ఎట్టా తుడవమంటావు?"

మిరపచేల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. కోతల రోజుల్లో ఏ తల్లీ పిల్లల మొహం ముట్టుకోదని నాకు తెలియదా? నన్ను పట్టుకెళ్ళేనాటికి చేలల్లో పత్తి తెల్లగా పగిలి ఉంది. నా కళ్ళల్లో అది అలాగే ఉండిపోయింది.

"అప్పుడే కోతలొచ్చాయా అమ్మా?" అన్నాను.

ఆ మాటకి ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చిన్నప్పుడు కోతల రోజుల్లో చేసినట్టే, మోచేతి పైభాగంతో నా చెంపలు తుడిచింది. అక్కడ మంట ఉండదు.

హోము దగ్గర ఆటో ఆపాను. ఆవిడ దిగి, "పిల్లలు బాగానే ఉంటారా బాబూ ఇక్కడ?" అని అడిగింది. "బయట ఏ పంట నడుస్తోందో కూడా మీ పిల్లాడికి చెప్పండమ్మా" అన్నాను. వెర్రివాణ్ణి చూసినట్టు నన్ను చూసి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత నేను ఎన్నో కోతలు చూశాను, కానీ నేను లేకుండా మిరపపళ్ళతో ఎర్రబడిన ఆ ఏడాది చేలు మాత్రం ఇప్పటికీ నాకు తెల్లటి పత్తిగానే కనిపిస్తాయి.