నేను పరిగెత్తలేదు

ఉదయం ఆరింటికి లారీ మమ్మల్ని రోడ్డు చివర దించింది. అక్కడి నుంచి మా సరిహద్దు పోస్టుకు ఎనిమిది గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు. నాకు అదనంగా రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు. ముందు కంచర గాడిదలు, వెనక మేము. మోకాళ్ల దాకా మంచు. మధ్యాహ్నం రెండుంబావుకు పైకి చేరాం. పదమూడు వేల అడుగుల ఎత్తు. ఏడుగురు మనుషులు, మూడు బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి.

పోస్టు కమాండర్ ఒక హవల్దార్. రాగానే హిందీలో రెండు మాటలే చెప్పాడు. "బ్యాటరీలు పక్కలో పెట్టుకుని పడుకో, చలికి చస్తాయి. నా ఆర్డర్ లేకుండా గుమ్మం దాటకు."

లోయ వైపు బంకర్లో గన్నర్ ఉండేవాడు. కరీంనగర్ దిక్కు కుర్రాడు, ఇరవై మూడేళ్లు. మాది ఛత్రినాక అని చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏందన్నా, హైద్రాబాదా? తెలుగు మాట్లాడక నాలుగు నెలలాయె!" ఆ రోజు నుంచి నన్ను హైద్రాబాదన్నా అనే పిలిచాడు. పోస్టులో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే.

అక్కడ జరిగింది ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్యుమెంటరీ కోసం చెప్పాను. బొమ్మలు గీసి తీసే డాక్యుమెంటరీ అది. పోస్టులో ఫోన్లు ఉండనిచ్చేవాళ్లు కాదు కాబట్టి ఫోటోలు లేవు. తర్వాత మా ఊళ్లో జరిగిన ఇంకో సంగతికి సంబంధించినవాళ్లు ముఖాలు చూపించొద్దన్నారు. అందుకని మా గొంతులు మాత్రం తీసుకుని, మిగతాదంతా గీశారు.

యాభై మూడో రోజు. సాయంత్రం నాలుగూ ఇరవైకి అవతలి నుంచి గుండ్లు మొదలయ్యాయి. నేను రేడియో దగ్గర ఉన్నాను, హవల్దార్ నా పక్కన. మూడో గుండు గన్నర్ బంకర్ కప్పు మీద పడింది. మా గుమ్మం నుంచి అది నలభై అడుగులు.

రేడియోలో కింది నుంచి ఆర్డర్ వచ్చింది. "ఎవరూ కదలొద్దు. గుండ్లు ఆగే దాకా ఆగండి. ఓవర్."

అప్పుడు గన్నర్ గొంతు వినపడింది. తెలుగులో.

"హైద్రాబాదన్నా! కాలు మీద దుంగ పడ్డది. ఒక్కలొస్తె సాలు."

హవల్దార్ నా భుజం పట్టుకున్నాడు. "ఏమంటున్నాడు? బయటికి తీయగలిగేలా ఉంటే చెప్పు. ఆర్డర్ సంగతి నేను చూసుకుంటా. ఇద్దరం పోదాం."

"అర్థం కావట్లేదు సాబ్," అన్నాను.

అంతే. నాకు భయమేసింది. నలభై అడుగులు దాటడానికి భయమేసింది. గన్నర్ ఇంకా చాలాసార్లు పిలిచాడు. ఐదు గంటలకు పిలుపు ఆగింది. ఐదూ ఐదుకు గుండ్లు ఆగాయి. వెళ్లి దుంగ ఎత్తాం. హవల్దార్, నేను, ఇద్దరమే ఎత్తాం, తేలిగ్గా లేచింది. అప్పటికే రక్తమంతా పోయింది.

మిగిలిన రోజులు డ్యూటీ చేశాను. దిగి వచ్చాక నిద్ర కరువైంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేవాణ్ని. ఏడాదిలోపు వైద్యుల బోర్డు నన్ను ఇంటికి పంపింది.

ఇంట్లో అమ్మ, అన్న. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అన్న నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. కంచన్‌బాగ్‌లో క్రేన్ ఆపరేటర్. బడికి దింపింది, ఫౌజ్ సెలక్షన్‌కు పరుగు నేర్పింది ఆయనే. నేను తిరిగొచ్చాక ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. రాత్రి అరిస్తే లేచి లైటు వేసేవాడు, అంతే.

ఒక ఉదయం పది గంటలకు ఇద్దరం చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బండికి పంక్చర్ వేయిస్తున్నాం. పక్కన ట్రాలీ నుంచి ఇనుప రేకులు జారి రోడ్డు మీద పడ్డాయి. నేను నేలకు కరుచుకున్నాను. తర్వాత వెనక నుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. నా చేతికి టైరు విప్పే ఇనుప రాడ్ దొరికింది. మూడుసార్లు కొట్టాను. ఒకటి తల మీద.

కింద పడ్డది ఖాజా భాయ్. ఆటో నడిపేవాడు. కింద పడ్డ నన్ను లేపుదామని వచ్చాడు.

అన్న నా చేతిలోంచి రాడ్ లాక్కున్నాడు. చెవిలో అన్నాడు. "సప్పుడు జేయకు. నీ దిమాక్ మంచిగ లేదు. నువ్వు జైల్ల బతకవ్. ఈయన్ను దవాఖానకు తీస్కపో."

ఖాజా భాయ్‌ని అతని ఆటోలోనే వేసుకుని పోయాను. వెనక పోలీసులు రావడం, "నేనే కొట్టిన సాబ్, లొల్లి అయింది" అని అన్న చెప్పడం నేను చూడలేదు. పంక్చర్ షాపాయన అన్నీ చూశాడు. మా అన్న ముఖం చూసి నోరు విప్పలేదు.

అన్నను రిమాండ్‌కు పంపారు. ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. నేను నిజం చెప్తానంటే అమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"వాడు ఇష్టంగనే పోయిండు బిడ్డా. ఆని కష్టం ఆగం జేయకు."

ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. నిజానికి ఆ మాట నాకు కావలసి వచ్చింది. రెండోసారి నోరు మూసుకుని కూర్చున్నాను, పదకొండు రోజులు.

రోజూ దవాఖానకు పోయేవాణ్ని. ఖాజా భాయ్‌కి స్పృహ వచ్చింది, జ్ఞాపకం రాలేదు. ఆ రోజుది అసలే రాలేదు. ఇక రాకపోవచ్చని డాక్టర్ చెప్పాడు. అంటే నిజం తెలిసినవాళ్లం నేను, అన్న, అమ్మ, పంక్చర్ షాపాయన. ఇంకెవరూ లేరు.

పదకొండో రోజు ఖాజా భాయ్ భార్య నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టింది. "మీ అన్న కొట్టిండు. నువ్వు మోసుకొచ్చినవ్. అల్లా నిన్ను సల్లగ సూడాలె భాయ్," అంది.

గ్లాసు బెంచీ మీద పెట్టేసి నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయాను.

ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు. "అన్నను బయటికి తెచ్చేతందుకు చెప్తున్నవా?" అన్నాడు. జైల్లో అన్నను అడిగితే తానే కొట్టానని మళ్లీ చెప్పాడు. చివరకు పంక్చర్ షాపాయన్ను నేనే తీసుకుపోయాను. ఆయన తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

అన్న బయటికొచ్చిన రోజే నేను లోపలికి పోయాను. కోర్టు వరండాలో ఎదురుపడ్డాం. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ కోసం పోయిన. నన్ను అబద్ధాలోణ్ని జేసినవ్ గదరా," అన్నాడు.

జడ్జి నా వైద్య కాగితాలన్నీ చదివారు, డాక్టర్ సాక్ష్యం విన్నారు. మూడేళ్లు వేశారు. తక్కువేనని నాకు తెలుసు. ఆ మూడేళ్లలో అమ్మ వచ్చేది. అన్న ఒక్కసారీ రాలేదు.

విడుదలయ్యాక మా లాయరమ్మ ద్వారా ఆ డాక్యుమెంటరీ దర్శకురాలు వచ్చింది. ఛత్రినాకలోనే ఒక గది తీసుకుని, ఆటోల మోత రాకుండా గోడలకు పరుపులు ఆనించింది. నాలుగు రోజులు నన్ను మాట్లాడించింది. నెల తర్వాత బొమ్మలు చూపించింది. బంకర్, పొయ్యి, మంచు, అన్నీ సరిగానే ఉన్నాయి. గుండ్లు పడుతుంటే నేను గన్నర్ వైపు పరిగెత్తుతున్న బొమ్మ ఒకటి ఉంది.

"నేను ఉరకలే, మేడం," అన్నాను.

"గుండ్లు పడుతుంటే ఆయన దగ్గరికి పోయినమన్నరు కదన్నా?"

"ఆగినంక పోయినం. మీకు అబద్ధం జెప్పిన."

అప్పుడు చెప్పాను, గన్నర్ ఏమన్నాడో, నేను హవల్దార్‌తో ఏమన్నానో. ఆమె చేయి రికార్డర్ ఆపబోయింది. ఆపొద్దన్నాను.

ఆ భాగమంతా మళ్లీ గీశారు. సినిమాలో నేను రేడియో పక్కన కూర్చుని ఉంటాను. బొమ్మ కదలదు. బయటి నుంచి తెలుగులో గొంతు వస్తుంటుంది.

మా బస్తీలోని చిన్న ఫంక్షన్ హాల్లో వేశారు. అన్న వస్తాడనుకోలేదు. చివరి వరుసలో కూర్చున్నాడు. అయిపోయాక బయట బండి దగ్గర నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయాను.

"ఆ పిలగాడు ఏమన్నడు? మల్లొక్కసారి జెప్పు."

చెప్పాను. "ఒక్కలొస్తె సాలు."

అన్న బండికి తాళం పెట్టాడు. "నాకైన జెప్పాలె గదరా," అన్నాడు. బండి స్టార్ట్ చేసి, నేను ఎక్కే దాకా ఆగాడు. ఆ రాత్రి ఆయనతో పాటు ఇంటికి తిరిగొచ్చాను. నిజంగా డ్యూటీ నుంచి తిరిగొచ్చింది ఆ రోజే అనిపించింది.

మరునాడు పొద్దున ఖాజా భాయ్ ఇంటికి పోయాను. జైలు నుంచి వచ్చాక కూడా అంతవరకు ధైర్యం చేయలేదు. ఆయన భార్య నన్ను చూసి గుర్తుపట్టింది. "అందర్ నక్కో," అంది. లోపలికి రావద్దని. తలుపు మాత్రం వేయలేదు.

గడప బయటే నిలబడ్డాను. ఖాజా భాయ్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. తల ఎత్తి నా ముఖం చూశాడు. కోపం లేదు. ఎరిగినట్టూ లేదు. పొద్దుటి బేరం దొరికినవాడిలా నవ్వాడు.

"కహా జానా భాయ్?" అన్నాడు. ఎక్కడికి పోవాలి అని.

ఆయన కాస్త ముందుకు వంగి, కుడిచెయ్యి చాపి, లేని ఆటో మీటరును గాలిలో తిప్పాడు.