గుడ్డ సంచిలో గోలీ

మేం ఆమెను కుర్చీలక్క అనేవాళ్ళం. వార్డు ఆరోగ్య కేంద్రం పైఅంతస్తులో ఒక హాలుంది. మెడికల్ కాలేజీ విద్యార్థులం నలుగురం ప్రతి బుధవారం అక్కడికెళ్ళి ఆడవాళ్ళకు ఆరోగ్య పాఠాలు చెప్పాలి. నలభై కుర్చీలు వేయడం, వాటిలో నలభై మందిని కూర్చోబెట్టడం ఆమె పని. మొదటిది తేలిక. రెండోదానికి మాత్రం పన్నెండింటికే బయల్దేరి ఇల్లిల్లూ తిరిగేది.

“కొట్లో వంకాయనైతే తిప్పి తిప్పి పుచ్చుందేమో చూస్తారు. మీ ఒళ్ళు మీరు చూసుకోమంటే తీరిక లేదా?” అని దులిపేసేది. వాళ్ళు నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. మా మొహాలు చూసి ఒక్కరు కూడా వచ్చేవాళ్ళు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

అంతకుముందు ఆమె బట్టల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు చొక్కా కాలర్లు కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ ఆయాగా చేరింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “కాలర్ల మధ్యలో గుర్తుకు రాలేదమ్మా” అనేది. చెల్లెలి ఇంట్లో ముందుగది ఆమెది.

రొమ్ము క్యాన్సర్ పాఠానికి కాలేజీ ఇచ్చిన రబ్బరు బొమ్మ ఒకటి ఉండేది, గడ్డ చేతికి ఎలా తగులుతుందో తెలియడానికి. నేను చేరకముందే అది చిరిగిపోయింది. కొత్తదాని కోసం పెట్టిన అర్జీ ఏ బల్ల మీద నిద్రపోయిందో ఎవరికీ తెలియదు. చూసి చూసి కుర్చీలక్కే లేతరంగు గుడ్డ తెచ్చి, దూది కూరి, మధ్యలో గాజు గోలీ పెట్టి ఒక సంచి కుట్టింది. కుట్టు ఎక్కడుందో వెతికినా కనబడదు. మా ప్రొఫెసరుగారు మెచ్చుకుని ఫొటో కూడా తీసుకున్నారు. ఆ సంచి నలభై మంది చేతులు మారేది. గోలీ తగిలినావిడ “ఆ, దొరికింది!” అని అరిస్తే మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు.

గడ్డ ఒక్కటే కాదు, చర్మం దళసరెక్కినా, సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా చూపించుకోవాలని నేను చెప్పేదాన్ని. పుస్తకంలో ఉన్న వరుసలో, ఒక్క ముక్క వదలకుండా. చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అనలేదు. వాళ్ళ చెవులు నా మాట వింటున్నాయి, చేతులు మాత్రం గోలీనే నేర్చుకుంటున్నాయి. రెండేళ్ళు ఎదురుగా నిలబడి కూడా నాకా సంగతి తట్టలేదు.

మా ఆఖరి బుధవారం పాఠం అయిపోయాక ఆమె కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది. ఎడమచేత్తోనే ఎత్తుతోంది.

“కుడిచెయ్యి ఏమైందక్కా?”

“పట్టేసిందమ్మా, పైకి లేవడం లేదు. అడ్డదిడ్డంగా పడుకున్నట్టున్నాను.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏమో, రెండు మూడు నెలలు.”

సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. కుడి రొమ్ము మీద అరచేతిమేర చర్మం కమలాపండు తొక్కలా దళసరెక్కి ఉంది. దాని కింద గట్టిగా, అంచు తెలియకుండా ఏదో పరుచుకుంది. చంకలో బిళ్ళలు కట్టాయి. నా వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. భయం వేయలేదు, బాధ కలగలేదు, అసలేమీ అనిపించలేదు. ఇప్పటికీ నాకు దానికే సిగ్గు.

“ఇది నువ్వు చూసుకోలేదా అక్కా?”

“నెలనెలా చూసుకుంటూనే ఉన్నాగా. నువ్వు చెప్పినట్టే, గుండ్రంగా వేళ్ళు తిప్పుతూ.” నా మొహం చూసి ఆమె నవ్వు ఆగింది. “గోలీ లేదు కదమ్మా. మరి అలా చూస్తావేంటి?”

పెద్దాసుపత్రిలో పది రోజుల్లో పరీక్షలన్నీ అయ్యాయి. ఊపిరితిత్తుల దాకా పాకింది, ఆపరేషన్‌తో లాభం లేదన్నారు. మందులెక్కించడం మొదలుపెట్టారు. రోజూ కాలేజీ అయ్యాక వెళ్ళి మంచం పక్కన కూర్చునేదాన్ని. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. వాళ్ళ చెల్లెలు రెండు చేతులూ జోడించి, “మీరు చూడబట్టి తెలిసింది డాక్టరమ్మా” అంది. ఆ దండం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది.

మూడోసారి మందెక్కించిన రోజు ఆమె కళ్ళు మూసుకునే అడిగింది.

“ఆ సంచి పట్టుకుని ఎంతమందికి చెప్పామమ్మా మనం?”

“తెలియదక్కా.”

“తెలియకపోవడమేంటి? హాజరు పుస్తకాలన్నీ హాల్లో బీరువాలో ఉన్నాయి. తాళంచెవి మా చెల్లెల్ని అడుగు.”

“నీ తప్పేం లేదక్కా.”

“ఎవరి తప్పో తర్వాత చూసుకుందాం. నేనైతే నడవలేను. నువ్వెళ్ళు.”

ఆదివారం పొద్దున మొదటి హాజరు పుస్తకం చేతపట్టుకుని బయల్దేరాను. ఆమె లేకుండా ఒక ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. తొలి సంతకం టైలరు షాపు పైన ఉండే ఆవిడది. మెట్లెక్కి తలుపు కొట్టాను. ఆవిడ నన్ను చూడగానే గుర్తుపట్టింది.

“డాక్టరమ్మా, మీరా! కుర్చీలక్క ఏది?”

“ఆసుపత్రిలో ఉందండీ. మిమ్మల్ని ఒకమాట అడిగి రమ్మంది. మీ ఒంట్లో ఏమైనా మార్పు…”

“అయ్యో, మీరు చెప్పాక ఒక్క నెల కూడా మానలేదమ్మా నేను,” అంది గర్వంగా. “చూసుకుంటూనే ఉన్నాను. గోలీ ఏం లేదు.”

లోపలికి రావచ్చా అని అడిగాను.