నల్లపళ్ళ పొదకు నీలిగుడ్డ

నోర్జిమా ఎవరినీ నమ్మే మనిషి కాదు. ఆ చలిసీమలో చాయ్‌లో వేసేది ఉప్పే; తాను కాచినదాంట్లో అది సరిపోయిందో లేదో కూడా ముందు పక్కవాళ్ళకు పోసి, వాళ్ళ మొహం చూసి, అప్పుడు తాను నోట పెట్టుకునేది. ఊరి ఆసుపత్రి పొయ్యిల్లో ఏళ్ళ తరబడి బొగ్గు వేసింది. పొగ వస్తున్నంత మాత్రాన గది వెచ్చబడిందని అనుకోకుండా, వెళ్ళి గోడకు చెయ్యి ఆనించి చూడటం ఆ పనిలోనే అలవాటైంది.

ఆ పని మానేశాక, ఆసుపత్రి ముందున్న ఖాళీ జాగాలో మొక్కలు పెంచే పని తానే అడిగి తీసుకుంది. వాన మొహం చూడని నేల, ఇనుము బిగుసుకుపోయే చలి. దక్షిణాన వెచ్చని ఊళ్ళ నుంచి లారీలో దిగిన మొక్కలు ఒక్క శీతాకాలం చూసి కన్ను మూసేవి. "మన కొండమీద పుట్టిందే మన గాలికి నిలుస్తుంది" అని ఆమె వాదించి, రాతి సందుల్లో పెరిగే నల్లపళ్ళ పొదల్ని తెచ్చి నాటింది. బతికాయి. కానీ ఆకురాలు కాలంలో కొండమీది పొదలు నిప్పంటుకున్నట్టు ఎర్రబడితే, ఇవి మాత్రం పాత తోలుబూటు రంగుకు తిరిగి రాలిపోయాయి.

"మంచాన పడ్డవాళ్ళకి కిటికీలోంచి కనబడేది ఆ జాగా ఒక్కటే అక్కా. వచ్చే వసంతంలోనైనా మంచి మొక్క పెట్టకపోతే దాంబాకి ఇచ్చేస్తాను. పాప్లర్ చెట్లు వేస్తానంటున్నాడు," అంది డాక్టరమ్మ.

దాంబా నీళ్ళబండి తోలేవాడు. నీళ్ళు చేతిలో ఉన్నవాడికి పాప్లర్లేమిటి, ఏదైనా బతుకుతుంది. వాడి కన్ను మొదటినుంచీ ఆ జాగామీదే ఉందని నోర్జిమా అనుమానం.

అప్పుడు ఆమెకు తన తప్పు తట్టింది. వసంతంలో, అన్నీ ఎండుపుల్లల్లా ఉన్నప్పుడు, చేతికి దొరికింది తవ్వి తెచ్చుకుంది. పెళ్ళికూతుర్ని ముసుగులో చూసి నచ్చిందన్నట్టు! రంగు చూసి ఎంచుకోవాలంటే రంగున్నప్పుడే వెళ్ళాలి. కొండమీది ఆకులు ఇంకా రాలకముందే ఎక్కింది. పొద పొదకూ ఆగి, ఆకు తిప్పి చూసి, పెదవి విరిచి, చివరికి ఎండు గట్టు అంచున ఒకదాని దగ్గర నిలబడిపోయింది. చీలమండ మునిగేంత మట్టి లేదు అక్కడ. అయినా ఆ పొద, గొర్రెను కోసినప్పటి నెత్తురంత ఎరుపు.

తవ్వి తెచ్చి నాటాలంటే వసంతం దాకా ఆగాలి. ఈలోగా దాంబా చూసి పీకేస్తే? కింద దారిలో వాడి బండి చప్పుడు విన్నట్టే అనిపించింది. మర్నాడు పెట్టెలోంచి తన నీలి పట్టుగుడ్డ తీసుకెళ్ళి కొమ్మకు ముడివేసింది. నీలిగుడ్డ కట్టిన చెట్టును ఆ నేలమీద ఎవరూ ముట్టరు. పాలు చిలకరించలేదు, మంత్రం చదవలేదు. ఆమె ఆ గుడ్డ కట్టింది దేవుడికి కాదు, దాంబాకి.

మంచు కరిగాక పార భుజాన వేసుకుని ఎక్కింది. పొద కనబడలేదు. నీలిగుడ్డల కుప్ప కనబడింది. చుట్టూ రాళ్ళు పేర్చారు. రాళ్ళమీద ఎండుపెరుగు ముక్కలు, పాలచారలు. ఆ పక్కనే, చెంచాతో ఆకాశంలోకి పాలు చిమ్ముతూ, దాంబా.

"ఏంటక్కా, మొక్కుకోడానికి పార తెచ్చావు?"

"పాముంటుందేమోనని. నువ్వెందుకొచ్చావురా?"

"ఈ చలిలో పామా!" నవ్వాడు. "మా ఆవిడ నీళ్ళాడింది కదా, తల్లీపిల్లా క్షేమం. ఇక్కడే మొక్కుకుంది. మహిమ గల చెట్టట. ఎవరో పెద్ద లామా మొదటి గుడ్డ కట్టాడట."

"ఏ లామా?"

"ఎవరికి తెలుసు? తెలివైనవాడే అయ్యుంటాడు."

ఆ మొదటి గుడ్డ మూలన ఆసుపత్రి పొయ్యి నిప్పురవ్వ పడి కాలిన చిల్లు ఉంది. నోర్జిమా ముడి మీద చెయ్యి వేసింది. దాంబా మణికట్టు పట్టుకున్నాడు. "అక్కా, కట్టిన గుడ్డ విప్పకూడదు. నీకు నేను చెప్పాలా?"

ఆమె వాడి మొహం చదవబోయింది. చాయ్ తాగినవాళ్ళ మొహంలా తేలిగ్గా తేలలేదు. అది తన గుడ్డేనని అనబోయింది. బాలింత మొక్కుకున్న చెట్టు. ముడి మీంచి చెయ్యి తీసేసింది.

"రాలిన పళ్ళు ఏరుకోవచ్చంటావా?" ఎవరినీ ఏదీ అడగని మనిషి దాంబాని అడిగింది.

"రాలింది నేల ఇచ్చినట్టే. నేనూ ఏరతాను, ఒడి పట్టు."

ఎండిన పండొకటి పంటి కింద చిట్లించి, లోపల గింజ ఉందని రూఢి చేసుకున్నాకే మిగతావి ఒడిలో వేసుకుంది. ఆ గింజ రెండు శీతాకాలాలు నేలలో పడుకుంటేగాని మొలవదు. అందాకా డాక్టరమ్మ ఆగుతుందా?

ఆగింది. ఆ చెట్టు గింజలు ఆసుపత్రి ముందు వేశారని దాంబాయే ఊరంతా చెప్పాడు. "ఆ మట్టిలో పాప్లర్ గుంత తవ్వే పాపం నాకొద్దు డాక్టరమ్మా" అన్నాడట. వారానికోసారి, అడగకుండానే, బకెట్టు నీళ్ళు పోసి పోతున్నాడు.

వాడికి గుడ్డ సంగతి ముందే తెలుసునా? తెలిసే తనకు జాగా దక్కేలా చేశాడా, లేక ఇంకేదైనా ఎత్తు ఉందా? తల్లిపొద ఎరుపు పిల్లమొక్కలకు వస్తుందా? నోర్జిమా రోజూ పొద్దున్నే వచ్చి ఆ బోడి నేలమీద వంగి, మట్టి ఎవరైనా కెలికారేమోనని చూస్తుంది. ఒకరోజు వరుసకు గుర్తుగా రాయి పెట్టబోయి, కొండమీద పొద చుట్టూ పేర్చిన రాళ్ళు గుర్తొచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ జేబులో వేసుకుంది.