నా లంచ్ బాక్సు

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఇల్లు కొన్నప్పటి నుంచీ తొందరగా రిటైరవ్వాలన్నదే నా పట్టుదల. ఇంటి లోను తీర్చేశాం. మెడికల్ ఇన్సూరెన్స్ పోకూడదని మా ఆవిడ మాత్రం ఉద్యోగం మానలేదు. అన్నీ పకడ్బందీగా ప్లాన్ చేశాననుకున్నాను.

నేను మానేశాక మొదటి సోమవారం, ఆవిడ ఆఫీస్‌కి వెళ్లాక చూస్తే, వంటింట్లో ఎప్పటిలాగే నా లంచ్ బాక్సు ఉంది. ఫోన్ చేశాను.

“అయ్యో, అలవాటులో మీకూ ప్యాక్ చేసేశానండీ!”

ఇంట్లోనే కూర్చుని బాక్సులోంచే పులిహోర తిన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో మధ్యాహ్నం ఏం తినాలా అని నేను ఒక్కసారీ ఆలోచించలేదు. ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

మర్నాడు ముందే లేచి ఆవిడకి బాక్సు కట్టిచ్చాను. మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఉప్పు తక్కువైందంటుందేమో అనుకున్నాను.

“అమెరికా వచ్చాక నాకొకరు బాక్సు కట్టడం ఇదే మొదటిసారండీ,” అంది.