పప్పు పొట్లంల దొరికిన హంతకుడు

ఇయ్యాల డిగ్రీ రిజల్టు జూసుకొని, మా ఇంట్ల డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనేనని ఎవ్వలికి జెప్పాల్నో తెల్వక ఉరుకుతుంటే, మేడ్చల్ బస్ డిపో కాడ పోస్టర్లు అంటిస్తున్నోళ్ల బకెట్ల నుంచి ఉడికిన మైదా వాసన గుప్పుమన్నది, కాళ్లు ఆడ్నే ఆగినయ్. నా చిన్నప్పుడు మా ఇల్లంత గదే వాసన.

బాపు సైకిల్ మీద యాప్రాల్ కాలనీలు తిరిగి పాత పుస్తకాలు కొనుక్కొస్తుండె. ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిన నౌకరీదార్ల ఇండ్లల్ల డిటెక్టివ్ నవలలు మస్తు దొరుకుతుండె. అవ్వ వాటిని సింపి, మైదా గంజి పూసి, కిరాణా దుకాణానికి పొట్లాలు జేస్తుండె. ఎండకాలం వాకిట్ల ఆరబెట్టిన పొట్లాలు అప్పడాల లెక్క గలగలమంటుండె. వానకాలం పొయ్యి కాడ మక్కకంకి కొరుక్కుంట, బతుకమ్మ పండగనాడు రొట్టె, బెల్లం కలిపి పిసికిన మలీద ముద్ద తినుకుంట, షామీర్‌పేట చెరువు అవతల ఏముందో ఎరగని నేను జపాన్ల, బ్రెజిల్ కాఫీ తోటలల్ల హంతకులను ఎతుకుతుంటి.

ఎనక అట్ట జల్దీ ఊడుతదని అవ్వ ఎనక నుంచే సింపుకుంట వస్తుండె, నేను ముందట నుంచి సదువుకుంట పోతుంటి. ఇద్దరం నడుమ కలుస్తుంటిమి. హంతకుని పేరు మాత్రం ఎప్పుడు దుకాణానికే పోతుండె. ముందటి నుంచి సింపమని బతిమిలాడితే, అక్షరం రానిదానికి ముందేంది, ఎనకేంది అని నవ్వుతుండె.

ఆరో తరగతిల ముందటి అట్ట ఊడిన నార్వే నవలొకటి దొరికింది. మంచుల మునిగిన ఊర్ల ఒక పిల్ల తల్లిని ఎవరో విషం పెట్టి సంపుతరు. ఆ పిల్లకు దినాం రొట్టె పంపే ముసలి డాక్టరంటే నాకు పానం. బడి నుంచి వచ్చేసరికి ఆఖరు కాగితాలన్ని పొట్లాలై పోయినయ్. దుకాణానికి ఉరికి, ఎవరెవరు ఏం కొన్నరో అడిగి, ఇల్లిల్లు తిరిగిన. ఒక ఇంట్ల కాగితం అప్పటికే పొయ్యిల కాలింది. ఇంకో ఇంట్ల కారంపొడిల అక్షరాలు కనబడలే. ఆఖరుకు పక్క గల్లీ యాదమ్మత్త ఇంట్ల శనగపప్పు పొట్లం కనబడ్డది. ఆమె వద్దనేలోపే విప్పి, పప్పు నేల మీద గుమ్మరించి సదివిన.

"అత్తా, డాక్టరే సంపిండు."

అత్త బిడ్డ నిండు చూలాలు, అప్పుడే మేడ్చల్ డాక్టరు కాడికి పోయున్నది. అత్త గుండె బాదుకుంట గల్లీలకు ఉరికింది. అందరు పోగైన్రు. బాపు సైకిల్ కింద పడేసి వచ్చిండు.

"ఏ డాక్టరు బిడ్డా? మన డాక్టరేనా?"

"కాదు, నార్వే డాక్టరు."

"గా నార్వే యాడుంటదే? రావల్కోల్ దాటినంకనా?" అని ఎవరో అన్నరు. అంతల అత్త బిడ్డ మందు గోలీల సంచి పట్టుకొని నడుసుకుంట వచ్చింది, గల్లీ గల్లంత నవ్వింది. అత్త మాత్రం నవ్వలే, నీ నార్వే పాడుగాను, పప్పేరు అన్నది. ఏరుకుంట ఏడ్సిన. ఎవరు సంపిండో తెలిసింది గాని, ఎందుకు సంపిండో ఉన్న కాగితం పొయ్యిల పోయింది. బాపు పక్కన కూసొని నాతోటి పప్పేరిండు.

ఇప్పుడు పప్పు ప్లాస్టిక్ కవర్లల్ల వస్తాంది. పొట్లాలు జేసేటోళ్లు లేరు, అవ్వ లేదు. డిపో కాడ్నే నిలబడి బాపుకు ఫోన్ జేసి పాసైన అని జెప్పిన. ఏడుస్తడనుకున్న.

"గింత సదివినవ్ గదా బిడ్డా," అన్నడు. "గా డాక్టరు అంత మంచోడు, ఎందుకు సంపిండంటవ్?"

గిన్నేండ్లు బాపు గది మనసుల పెట్టుకున్నడా? అట్ట లేని ఆ పుస్తకం పేరు గూడ నాకు తెల్వదు.